87వ వంతు చిన్న రైలు: నేరో గేజ్ మోడల్, ఇంజిన్ డీటెయిలింగ్

నన్ను అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఆ బుల్లి ఇంజిన్ ఎక్కడ కొన్నావ్?" కొనలేదండి. నేను వెతికినంతలో ఆ ఇంజిన్ రెడీమేడ్‌గా ఎక్కడా దొరకలేదు. సగం కొన్నాను, సగం చేశాను. ఎలాగో ఈ రోజు చెప్తాను.

ముందు అసలు రైలు గురించి. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో గజపతి రాజులు వేయించిన లైను అది. తర్వాత ఒడిశాలోని గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో చిన్న రైలు ఆపేశారు, ఆ తర్వాత బ్రాడ్ గేజ్ వేశారు. మా తాతయ్య ఆ లైన్లో ఫైర్‌మన్. అంటే ఇంజిన్లో బొగ్గు వేసే పని. ఆయన పక్కన నిలబడిన ఇంజిన్ ఫోటో ఒకటే మా ఇంట్లో మిగిలింది. నేను చేస్తున్నది ఆ ఇంజినే.

ఇప్పుడు కాస్త లెక్క. భయపడకండి, ఒక్క భాగహారమే. ఆ లైన్లో రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 762 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్ 1676. ప్రపంచమంతా ఎక్కువగా దొరికే మోడల్ సైజుల్లో ఒకటి హెచ్‌ఓ, అసలు దానిలో 87వ వంతు. 762ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. ఎన్ స్కేల్ అని ఇంకా చిన్న సైజు ఉంది, దాని ట్రాక్ సరిగ్గా 9 మిల్లీమీటర్లు. దొరికేసింది కదా! అందుకే నేరో గేజ్ మోడల్ చేసేవాళ్లు ఎన్ స్కేల్ ఇంజిన్ మోటారు, చక్రాలు తీసుకుని, పైన హెచ్‌ఓ సైజు బాడీ కూర్చోబెడతారు. కింద చిన్న చక్రాలు, పైన లావు బాయిలర్. నిజం నేరో గేజ్ ఇంజిన్ కూడా అలాగే ఉంటుంది, కాబట్టి కంటికి తేడా తెలీదు.

ట్రాక్ మాత్రం మోసం చేస్తుంది. ఎన్ ట్రాక్‌లో స్లీపర్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి కోసేస్తే మన చిన్న లైను పోలిక వస్తుంది. పైన కంకర బదులు మట్టి, గడ్డి. మట్టికి నేను వాడేసిన టీ పొడి వేస్తాను. బాగా ఎండబెట్టాలి సుమా, మొదటిసారి నాకు బూజు పట్టింది. చోటు గురించి బెంగ వద్దు. 9 అంగుళాల వ్యాసార్థం వంపు చాలు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద గుండ్రంగా తిరిగొస్తుంది.

ఇక ఇంజిన్. డ్రాయింగ్ లేదు, ఫోటోయే ఆధారం. మా తాతయ్య ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఫోటోలో ఆయన ఎంత పొడవున్నారో స్కేలుతో కొలిచి, ఆ నిష్పత్తిలో చిమ్నీ, క్యాబ్, టాంకు కొలతలు తీశాను. ఆయన ఇంజిన్‌ని ఆనుకుని నిలబడ్డారు కాబట్టి సరిపోయింది. రెండడుగులు ముందుకొచ్చి ఉంటే లెక్క తప్పేది, దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది కదా.

బాడీ అంతా పలుచని ప్లాస్టిక్ షీటు. హ్యాండ్‌రైల్‌కి 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ, చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో రంధ్రాలు. ఓపిక అక్కడే కావాలి. బాయిలర్ లోపల సీసం ముక్కలు పెట్టండి, బరువు లేకపోతే చక్రాలు కరెంటు సరిగ్గా అందుకోవు, ఇంజిన్ ఆగి ఆగి పోతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. క్యాబ్ అద్దాలు మాత్రం సూపర్ గ్లూతో అతికించకండి. దాని ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా మసకబారిపోతుంది. నా రెండు కిటికీలు అలాగే పోయాయి. ఫెవికాల్ చాలు.

పెద్ద తప్పు రంగు దగ్గర చేశాను. వీడియోల్లో చూసి పాత ఇంజిన్ లుక్ కోసం మొత్తం తుప్పు రంగు పూసేశాను. నాకైతే అదిరిపోయింది. తీసుకెళ్లి తాతయ్యకి చూపిస్తే ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూసి, "ఇదేట్రా, చెరువులోంచి తీసినట్టుంది? ఇలాగుంటే డ్రైవరు ఊరుకుంటాడేటి? పొద్దున్నే కాటన్ వేస్ట్‌తో తుడిచేవోళ్లం" అన్నారు.

నిజమే కదా. ఆయన చేతుల్తో రోజూ తుడిచిన బండిని నేను తుక్కు బండిలా చూపించాను. రంగంతా గీకేశాను, రెండు వారాల పని పోయింది. ఈసారి ముందు ఆయన్నే అడిగాను, మురికి ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది అని.

ఆయన చెప్పింది ఇది. చిమ్నీ చుట్టూ, క్యాబ్ కప్పు మీద మసి. అది పొగ నుంచి. సేఫ్టీ వాల్వ్ కింద తెల్ల చార. బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ నుంచి నీళ్లు కారే చోట కూడా అదే తెలుపు. బోరు నీళ్లకి మన బకెట్‌కి పడుతుందే, అలాంటిదే. చక్రాల్ని కలిపే రాడ్ల మీద నూనె మెరుపు. బొగ్గు పెట్టె అంచుల్లో గీతలు, ఎందుకంటే పార అక్కడ తగులుతుంది. ఎక్కే మెట్టు మీద రంగు ఉండదు, కాళ్లకి అరిగిపోతుంది. మిగతా అంతా నలుపు, శుభ్రంగా.

అప్పట్నుంచి నాకు ఒకటే లెక్క. ఈ మరక ఎవరి వల్ల, దేని వల్ల వచ్చిందో చెప్పలేకపోతే అక్కడ బ్రష్ పెట్టను. తెల్ల చారకి లేత బూడిద రంగు యాక్రిలిక్‌ని బాగా నీళ్లు కలిపి పై నుంచి కిందకి ఒక్క గీత. మసికి నల్ల చాక్ పొడి, పొడి బ్రష్‌తో. మెట్టుకి పెన్సిల్ లెడ్ రుద్దండి, ఇనుములా మెరుస్తుంది. నిజం బొగ్గే దంచి పెట్టెలో పోశాను.

రెండోసారి చూపిస్తే తాతయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా కేరేజీ ఏదిరా?" అన్నారు. అన్నం కేరేజీ క్యాబ్‌లో కొక్కేనికి వేలాడేదట. 87వ వంతులో అది మూడు మిల్లీమీటర్లు. ఇప్పటికి మూడు విరిగాయి. నాలుగోది గ్లూ ఆరుతోంది, నిలిస్తే వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా.