పాత పనిముట్ల బేరము: రంగును గాక నూనెను జూడుడు

సంతలో ఎడ్లను కొనునపుడు మన రైతు ఎంతటి జాగరూకుడో చెప్పనక్కఱలేదు. నోరు తెఱచి పండ్లు లెక్కించును, సుడులు చూచును, గిట్టలు తట్టును, నాలుగడుగులు నడిపించును, వీలైనచో కాడి కట్టించి అరక త్రిప్పించి చూచును. అమ్మువాడు ఎంతటి మంచివాడైనను ఈ పరీక్ష తప్పదు. అట్టి రైతే, వేలకు వేలు పోసి వాడిన యంత్రమును కొనునపుడు మాత్రము, రంగును జూచి, ధరను విని, ఆ దినముననే బండి కెత్తించుచున్నాడు. బఱ్ఱె నీళ్లలో నుండగా బేరమాడినట్లను సామెత యిట్టి బేరములకే తగియున్నది.

వాడిన పనిముట్లను కొనవలదని మా యుద్దేశము కాదు. క్రొత్త యంత్రముల ధర అందని చిన్న రైతునకు, తక్కువలో దొరకు మంచి పనిముట్టు మేలే చేయును. అయితే తక్కువ ధర వేఱు, చవుక వేఱు. ఈ భేదమును మా సంఘము సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొన్నది. ఆ పాఠము తోడి సభ్యులకు ఖర్చులేక యందవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సభ్యుల వరిపొలములలో దమ్ము చేయుటకు ఒక రోటవేటరు కావలసివచ్చెను. పొరుగు మండలమున అద్దె యంత్రములు నడుపువా రొకరు తమ పాత సరకును అమ్మివేయుచున్నారని విని కార్యవర్గమువారము నలుగురము వెళ్లితిమి. యంత్రము క్రొత్త పెండ్లికొడుకువలె మెఱయుచుండెను. ధర క్రొత్తదానిలో సగము. మఱియెవరైన తీసికొనిపోవుదురేమో యను తొందరలో, అది తిరుగుటయైన చూడక బయానా యిచ్చితిమి.

తొలకరి వచ్చెను, నారు ఎదిగెను, దమ్ము మొదలిడితిమి. మూడవనాడు గేరుబాక్సు పెద్దగా మ్రోగి నిలిచిపోయెను. విప్పిచూడగా నూనె యుండవలసినచోట బురదనీటితో గలిసి మజ్జిగవలె తెల్లబారిన ద్రవముండెను, బేరింగులు పొడియైయుండెను. విడిభాగములు పట్టణమునుండి వచ్చుటకు పదునొకండు దినములు పట్టెను. పనుల యదనున అద్దె యంత్రమును ఎచ్చటను దొరకలేదు. వరుసలో నున్న పదుమువ్వురు సభ్యులలో కడపటివారు ముదిరిన నారును నాటవలసివచ్చెను. ముదురు నారు పిలకలు తక్కువ వేయునని రైతులకు మేము చెప్పనేల? వారికి కలిగిన నష్టము సంఘపు పద్దులలో నెక్కడను వ్రాయబడలేదు. కాని వారు ఎదురైనపుడెల్ల మాకది జ్ఞాపకము వచ్చుచునే యున్నది. కొనునాడే నూనె బోల్టు నొక్కదానిని వదులుచేసి చూచియుండినచో నిజము తెలిసియుండెడిది. అందుకు వలయునది ఒక పానా, అయిదు నిమిషముల యోపిక.

వాడిన సరకు మనకు మూడు త్రోవల వచ్చును. ఏ త్రోవను వచ్చినదో తెలిసికొనుట మొదటి పని; ఏలయనగా ఒక్కొక్క త్రోవకు ఒక్కొక్క జబ్బు కలదు.

మొదటిది, ఒక రైతు తన పొలమున వాడి అమ్మునది. ఇది తక్కువ గంటలు నడచియుండును. కాని ఎక్కువకాలము చెట్టుక్రింద ఎండకు వానకు నిలిచి తుప్పుపట్టి యుండవచ్చును. రబ్బరు సీళ్లు ఎండిపోయి యుండును. తీగెలను ఎలుకలు కొఱికి యుండును. అది మాగాణిలో నడచినదా, మెట్టలో నడచినదా, ట్రాక్టరైనచో ఇసుక తోలినదా యని ఇరుగుపొరుగువారి నడుగవలయును. దమ్ములో నడచిన యంత్రమునకు బురద సీళ్లగుండా బేరింగులలోనికి పోవును. రాతినేలలో నడచినదానికి కత్తులు అరుగును. మోయరాని బరువులు లాగిన ట్రాక్టరుకు క్లచ్చియు వెనుక ఇరుసును దెబ్బతినును.

రెండవది, అద్దెకు తిరిగి తిరిగి వచ్చినది. 2014-15లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకపు సహాయముతో కస్టమ్ హైరింగ్ సెంటర్లను నెలకొల్పుకొను వీలు కలిగినది. ఇట్టి చోట్ల యంత్రము పదిమంది చేతులలో పడును. తోలువాడు వేఱు, గ్రీజు పెట్టవలసినవాడు వేఱు. అందఱి సొత్తును ఎవ్వరును తుడువరు. అయితే మంచి కేంద్రమున నడచిన గంటలకును చేసిన మరమ్మతులకును పుస్తకముండును. ఆ పుస్తకమును వెనుకాడక చూపువారి యంత్రమునకు కొంత హెచ్చు ధర యిచ్చినను నష్టము లేదు. ప్రభుత్వ సహాయముపై పొందిన యంత్రమైనచో దాని నమ్ముటకు నియమము లేమైన గలవాయని వ్యవసాయాధికారి నడిగి తెలిసికొనవలయును.

మూడవది, కొన్నవారు మరల యిచ్చివేసినది, లేక వాయిదాలు చెల్లింపలేనందున అప్పిచ్చినవారు స్వాధీనపఱచుకొన్నది. మరల వచ్చిన సరకంతయు చెడ్డది కాదు. ఏడడుగుల రోటవేటరును కొన్నవాడు తన 35 అశ్వశక్తుల ట్రాక్టరు దానిని చక్కగా త్రిప్పజాలక తిరిగి యిచ్చియుండవచ్చును; అది యంత్రపు దోషము కాదు. దోషముచే వచ్చినదైనచో దేనిని బాగుచేసిరో, కంపెనీ పూచీ యింకను మిగిలియున్నదో లేదో బిల్లుపై వ్రాయించుకొనవలయును. ఇక వేలములో అమ్ము ట్రాక్టర్లు సామాన్యముగ ‘ఉన్నచోట ఉన్నట్లు’ అను షరతుతో అమ్మబడును. కొన్న పిమ్మట ఏ లోపము బయటపడినను భారము కొన్నవానిదే. అట్టి ట్రాక్టరు వెనుక నొక రైతు కుటుంబపు ఋణబాధ కలదని మఱవరాదు. ఆ బండిని అప్పుచేసి కొని మన మదే బాటను నడచుట మఱింత శోచనీయము.

ఇక పరీక్ష. ఇంజనును చల్లగా నున్నపుడే ప్రారంభించి చూడవలయును. మనము పోవుసరికే వేడెక్కియున్నచో సందేహింపవలయును; చల్లని యింజను మొరాయించుట దాచుటకు ముందే నడిపియుంచుట కలదు. ప్రారంభమున కొంచెము తెల్లని పొగ వచ్చి ఆగుట దోషము కాదు. ఆగక వచ్చినచో డీజిలు సరిగా కాలకుండుటయో, నీరు లోనికి చేరుటయో కారణము. నీలిపొగ యింజను నూనె కాలుచున్నదనుటకు గుర్తు. నల్లపొగ గాలి చాలకపోవుటకో డీజిలు హెచ్చుగ పోవుటకో గుర్తు. కొలకఱ్ఱను తీసి నూనెను వ్రేళ్లమధ్య రాచి చూడుడు. తెల్లబారినచో నీరు కలిసినది. లిఫ్టుపై బరువెత్తి, ఎవ్వరిని దాని చెంతకు పోనీయక, యింజను నాపి చూడుడు. వెంటనే క్రిందికి జాఱినచో హైడ్రాలిక్కు పని పాడైనది. గంటల మీటరు నొక్కదానినే నమ్మరాదు. అది తక్కువ గంటలు చూపుచు, పెడళ్ల రబ్బరు మాత్రము అరిగి నునుపైయున్నచో, రెంటిలో నొకటి అబద్ధమాడుచున్నది.

రోటవేటరును, ట్రాక్టరు నాపి, ఇరుసును విడదీసి, దిగువ కొయ్యదిమ్మెల నాధారముగ నుంచిన తరువాతనే చేతితో కదల్చి చూడవలయును. కత్తుల గొట్టము ప్రక్కలకు ఆడినచో బేరింగులు పోయినవి. పిమ్మట నూనె బోల్టు. ఎరువుతో విత్తు గొఱ్ఱుకు ఎరువుపెట్టె అడుగున తుప్పు చూడవలయును. ఎరువు ఇనుమును తినును. నీటి మోటారును నడిపించి, నీరు పోయుటను కన్నులారా చూచి, చుట్టకు తిరిగి తీగె చుట్టించిరా యని అడుగవలయును. సరిగా చుట్టని మోటారు కరెంటును హెచ్చుగ తినును, త్వరగ కాలును.

ఎంత చవుకైనను కొనదగని పాతవి రెండు గలవు. ఒకటి, ఏ మందు పోసిరో తెలియని స్ప్రేయరు. 2,4-డి వంటి కలుపుమందు తొట్టిలోను గొట్టములలోను మిగిలియున్నచో, అదే స్ప్రేయరుతో పురుగుమందు చల్లిన ప్రత్తిచేను ఆకులు ముడుచుకొని పాడగును. రెండవది, పనలు పెట్టు రక్షణ తొట్టియు పట్టీల మూతలును లేని నూర్పిడి యంత్రము. కొన్న ధరలో మిగిలిన సొమ్ము పోయిన చేతిని తిరిగి తెచ్చి యీయజాలదు.

పత్రముల సంగతి. ట్రాక్టరుపై ఛాసిస్ సంఖ్యయు ఇంజను సంఖ్యయు ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూడవలయును. దానిపై అప్పు నమోదై యున్నచో, అప్పిచ్చినవారి ఫారము 35 లేక బేరము ముగింపరాదు. పేరు మార్పునకు ఫారములు 29, 30 దాఖలు చేయవలయును. ఇది అమ్ము సభ్యులకును ముఖ్యమే. రికార్డులో ఎవరి పేరున్నదో వారే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కావున సొమ్ము చేతబడెను గదాయని ఊరకుండరాదు.

కడపటిది లెక్క. క్రొత్త రోటవేటరు లక్ష రూపాయలనియు, పాతది 50,000 అనియు అనుకొందము. కత్తులకు, బేరింగులకు, సీళ్లకు 18,000; బండి కూలికి 2,000. మొత్తము 70,000. క్రొత్తది ఎనిమిది సంవత్సరములు నడచునెడల ఏటికి 12,500 పడును. పాతది మూడేండ్లే నడచునెడల ఏటికి 23,000 దాటును. ఏడేండ్లు నడచునెడల ఏటికి 10,000 మాత్రమే. బేరమంతయు ఆ మిగిలిన ఆయుర్దాయముపై నున్నదే కాని చీటిపై వ్రాసిన ధరపై లేదు. అయిదు దినముల పనికై రోజుకు 1,200 చొప్పున అద్దెకు దొరకునెడల ఏటికి 6,000తో సరిపోవును. అట్టివాడు కొననే యక్కఱలేదు. మఱియు 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపైనను పెక్కు వ్యవసాయ యంత్రములపైనను జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గింపబడినది. పాత సరకు అమ్మువారు వెనుకటి ధరతో పోల్చి తగ్గింపు చూపవచ్చును. మనము నేటి క్రొత్త ధరను విచారించిన పిమ్మటనే బేరమునకు కూర్చుండవలయును.

మా సంఘము మఱుసటి యేడు మరల పాత రోటవేటరునే కొన్నది. ఈమాఱు తొలకరికి ముందు కాక, పనులు ముగిసి అమ్మువారికి తొందరయున్న కాలమున వెళ్లితిమి. ఊరి మెకానిక్కునకు ఒకదినపు కూలి యిచ్చి వెంట తీసికొనిపోయితిమి. మరమ్మతుల పుస్తకము చూచితిమి, బోల్టు విప్పించితిమి, ట్రాక్టరుకు తగిలించి అరగంట త్రిప్పించితిమి. మొదటిదానికంటె హెచ్చు ధరయే యిచ్చితిమి. అది నేటికిని నడచుచున్నది.

ఒంటరి రైతునకు ఈ పరీక్షయంతయు కష్టము కావచ్చును. కాని సంఘమునకు కష్టము కాదు. ఒక్క మెకానిక్కు కూలిని పదిమంది పంచుకొనవచ్చును. ఒకరు మోసపోయిన చోటును పదిమందికి చెప్పవచ్చును. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతు ఋణబాధ తగ్గించుటకే. అప్పు తక్కువ వడ్డీకి ఇప్పించుట ఎంత సేవయో, చెడ్డ బేరమునకు అప్పుచేయకుండ కాపాడుటయు నంతటి సేవయే. కావున పాత యంత్రము కొనదలచిన సభ్యులు బయానా యిచ్చుటకు ముందు ఒక్కమాఱు సంఘ కార్యాలయమునకు దయచేయ గోరుచున్నాము. ఆ పానా మా బల్లమీదనే యున్నది.