బొమ్మలో ఆమె ఉంది... కుంచె పట్టే గంట ఆమెకేదీ?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి... హైటెక్ సిటీ చుట్టుపక్కల పేరంటాలకు వెళ్లినప్పుడు ఎవరో ఒకరింట్లో, సోఫా వెనక గోడ మీద ఆమె కనిపిస్తుంది. నుదుట ఇంత కుంకుమ బొట్టు, ముక్కుకు పుడక, చేతుల నిండా గాజులు, మెరిసే రంగుల చీర. తోట వైకుంఠంగారి తెలంగాణ స్త్రీ! అందరిళ్లలో ఉండేది అసలు చిత్రం కాదనుకోండి, ప్రింటే. అయినా చూడగానే గుర్తుపట్టేస్తాం.

అంత పేరు ఒక్కరోజులో వచ్చిందా? వైకుంఠంగారు 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చాక చేసిందేమిటి? బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పే ఉద్యోగం! ఒకపక్క జీతం, మరోపక్క బొగ్గుముక్కతో కాగితం మీద సాధన. 1988లో బి. నర్సింగరావుగారి 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్‌గారిదీ ఇలాంటి దారే. ఆయనా బరోడాలో సుబ్రమణ్యన్ శిష్యులే. హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్స్ పని చేశారు. తర్వాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో పాఠాలు చెప్పి, డీన్ అయ్యారు. పద్మశ్రీ వచ్చింది 2016లో, డెబ్బై అయిదు దాటాక!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "ఉద్యోగం మానేసి బొమ్మలేసుకుంటానమ్మా" అని సాఫ్ట్‌వేర్ కూతురు అంటే మనకు గుండె గుభేలుమంటుంది. "లక్షణమైన జీతం వదులుకుని బొమ్మలేమిటే? ఫ్లాట్ వాయిదాలు ఎవరు కడతారు?" అంటాం. ఆ భయం తప్పేం కాదు. కానీ ఈ పెద్దలిద్దరూ జీతాన్ని కళకు శత్రువనుకోలేదు. నెల తిరిగేసరికి ఇల్లు గడుస్తుంటే, కొనేవాళ్ల కోసం కాక తమకు తోచిన బొమ్మే వేసే ధైర్యం ఉంటుంది కదా!

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. జీతం తెచ్చే మగవాడు ఇంటికొచ్చి కుంచె పడితే "ఆయన పనిలో ఉన్నారు" అంటాం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఎందరో ఆడపిల్లలు ఆ దారిన ఉద్యోగాలకు వచ్చారు. వాళ్లు సాయంత్రం క్యాబ్ దిగేది రెండో డ్యూటీకే! కుక్కరు, హోంవర్కు, మర్నాటి ఇడ్లీ పిండి. ఇక గృహిణి సంగతి సరేసరి. మధ్యాహ్నం ఆమెకు దొరికే గంటకు అందరూ పెట్టిన పేరు "ఖాళీ". ఖాళీగా ఉందిగా అని తలా ఒక పని అంటగడతారు.

వైకుంఠంగారు తన బొమ్మలకు స్ఫూర్తి తన తల్లి అంటారు. అలాంటి తల్లులు వాకిట్లో రోజూ ముగ్గులు వేశారు. ఏ ముగ్గు కిందా సంతకం లేదు. పొద్దెక్కేసరికి అందరి కాళ్ల కింద చెరిగిపోయాయి.

కాబట్టి ముందు రాజీనామా సంగతి వద్దు, ఆ గంట సంగతి తేల్చుకుందాం. భోజనాల వేళ సర్దేయక్కర్లేని చిన్న బల్ల ఒకటి, వారంలో తనవే అయిన కొన్ని గంటలు, ఇంట్లో అందరికీ తెలిసేలా. మానేద్దామనుకునే అమ్మాయి ఏడాది ఇంటిఖర్చు విడిగా దాచుకుని అడుగేస్తే మనకూ నిద్ర పడుతుంది. సెలవు రోజున కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వైపు ఓసారి వెళ్లిరండి, పిల్లల్నీ తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ముందు "కాలక్షేపం" అన్న మాట మానేద్దాం. ఆమె బొమ్మ వేస్తున్నప్పుడు ఫోనొస్తే, "అమ్మ పనిలో ఉంది" అని మన పిల్లల చేత చెప్పించగలమా?