ఈసీఆర్ పాస్‌పోర్టు, విజిట్ వీసా: గల్ఫ్ బయలుదేరే ముందు

గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్ల పాస్‌పోర్టులు తిరగేస్తే చాలావాటి మీద ఈసీఆర్ అని కనబడుతుంది. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈ ముద్ర పడుతుంది. పది పాసైనవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, 50 ఏళ్లు దాటినవాళ్లకు పడదు. బడి మధ్యలో మానేసి కూలికి పోవాల్సి వచ్చింది ఏ వాడల పిల్లలో తెలిసినవాళ్లకు, ఈ ముద్ర ఎవరి పాస్‌పోర్టుల మీద ఎక్కువగా ఉంటుందో మేం చెప్పక్కర్లేదు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఏ కంపెనీ, ఏ పని, జీతం ఎంత అన్న ఒప్పందం ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైతేనే అనుమతి వస్తుంది. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు రావాలి.

ఇదంతా తలనొప్పి అనీ, విజిట్ వీసా మీద వెళ్తే వారంలో విమానం ఎక్కొచ్చనీ ఊళ్లోని ఏజెంటు చెబుతాడు. చూడటానికి వెళ్లేవాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు కాబట్టి ఆ దారి పట్టిస్తాడు. అలా వెళ్లినవాళ్ల పేరు మీద ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, వాళ్లు పనికే వెళ్లారన్న రికార్డు కూడా ఉండదు. అక్కడ దిగాక వర్క్ వీసా రాకపోతే యూఏఈలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా. పట్టుబడతామన్న భయంతో దొరికిన పని, ఇచ్చినంత కూలికి చేయాలి. మనవాళ్లు ఖల్లివెల్లి అనే బతుకు అదే. ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు, యూఏఈలో 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చినట్టు, జరిమానా లేకుండా బయటపడొచ్చు. కానీ అది ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు.

ఆజాద్ వీసా అనేది ఏ దేశ చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ పేరు మీద వీసా కొని ఇంకొకరి దగ్గర పనిచేయడమే అది. అకామాలో ఉన్న పేరు ఒకటి, పని చేయించుకునేది ఇంకొకరు అయితే జీతం ఎగ్గొట్టినా ఎవరి మీద కేసు పెట్టాలి?

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఇంకా క్లిష్టం. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లే అక్కచెల్లెళ్లలో దళితులు చాలామంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. రక్షణ కోసం పెట్టిన నిబంధనే ఇది. అయితే 25 ఏళ్ల ఒంటరి తల్లికి అప్పు 30 ఏళ్లు నిండేదాకా ఆగదు. దాంతో ఆమె వెళ్లడం మానదు, దొంగదారిన వెళ్తుంది. ప్రభుత్వం ఈ లెక్క వేసుకోలేదని మా అభిప్రాయం.

కువైట్‌లో ఇంటి పనికిచ్చేది 20 నంబరు వీసా, కంపెనీ పనికిచ్చేది 18 నంబరు. ఆఫీసులో ఊడ్చే పని అని చెప్పి చేతిలో 20 నంబరు పెడితే అక్కడే ఆగాలి. ఇంటి పనివాళ్ల కోసం ఆ దేశం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టింది.

కఫాలా పోయిందన్న వార్తల్ని జాగ్రత్తగా చదవాలి. ఖతార్ 2020లో యజమాని ఎన్‌ఓసీ లేకుండా పని మారే వీలిచ్చింది, 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు చేసింది. ఇంటి పనివాళ్లకూ అది వర్తిస్తుంది. అదే నెలలో సౌదీ తెచ్చిన మార్పుల్లో మాత్రం ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు లేరు. చదువు లేనివాళ్లకు దొరికేవి ఆ పనులే కదా.

లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400 రూపాయలు. లక్ష అడిగినవాడు చట్టం దాటినట్టే. అతని రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు, లేదా 1800 11 3090కి ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు దాచుకోండి.

మోసపోయి స్టేషనుకు వెళ్తే, ఈ చట్టం కింద ఏజెంటును విచారించాలంటే కేంద్రం అనుమతి కావాలని వెనక్కి పంపుతుంటారు. 27వ సెక్షన్ ఆ మాట చెబుతుంది, నిజమే. అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది: వెళ్లిన మనిషి గానీ, అతని తరఫున అమ్మానాన్నలు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. స్టేషనుకు వెళ్లేటప్పుడు ఆ పేజీ ప్రింటు తీసుకుని వెళ్లండి.