నోరే వాద్యం

పోయిన ఎండాకాలం సెలవుల్లో నల్లగొండ దగ్గరి ఒక పల్లెకు మా చెల్లెలింటికి వెళ్ళాను. తెల్లవారుజామున వసారాలోంచి "బ్... త్స్... క్... త్స్" అని ఆగకుండా వినిపిస్తుంటే బోరు మోటారు పాడైందేమో అనుకున్నాను. లేచి చూస్తే ఇంటర్ చదివే చెల్లెలి కొడుకు! గోడకు ఆనుకొని, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకొని సాధన చేస్తున్నాడు.

"పొద్దుమాపు ఇదే లొల్లి అక్కా. పుస్తకం ముడుతలేడు" అని చెల్లెలి మొర.

దీనిని బీట్‌బాక్సింగ్ అంటారట. ప్రియ చదువరులారా, తరువాత తెలుసుకున్నది మీకూ చెబుతాను. బీట్‌బాక్స్ అంటే మొదట తాళం వాయించే విద్యుత్ యంత్రానికి పెట్టిన పేరు. 1980ల తొలినాళ్ళలో న్యూయార్క్ నగరంలోని నల్లజాతి యువకులు ఆ యంత్రపు శబ్దాలను నోటితోనే పలికించసాగారు. డగ్ ఇ. ఫ్రెష్, ఫ్యాట్ బాయ్స్ బృందంలోని డారెన్ రాబిన్సన్ వీరిలో పేరుపొందినవారు. 1988లో బాబీ మెక్‌ఫెరిన్ ఒక్క వాద్యమూ లేకుండా, తన గొంతుతో, ఒంటితో చేసిన శబ్దాలతోనే ఒక పాట రికార్డు చేస్తే అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. పెదవులు బిగించి, గొంతు కలపకుండా "బ్" అంటే పెద్ద డ్రమ్ము. పళ్ళ సందున "త్స్" అంటే తాళాలు. నాలుక వెనుక భాగంతో "క్" అంటే చిన్న డ్రమ్ము. ఈ మూడూ వరుసగా, నిదానంగా, వేగం పెంచకుండా అనాలి. అసలు చిక్కు ఊపిరి దగ్గర వస్తుంది. కొత్తవారు ఊపిరి తీయడం మరచిపోయి మధ్యలో ఆగిపోతారు. ఆరితేరినవారు కొన్ని శబ్దాలను గాలి లోపలికి పీలుస్తూనే చేస్తారు కాబట్టి తాళం తెగదు. మంచినీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. గొంతు నొప్పి పుడితే ఆనాటికి ఆపాలి.

2013లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక బీట్‌బాక్సర్‌ను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి నాలుక కదలికలు గమనించిన పరిశోధనను ప్రచురించారు. తనకు రాని పరాయి భాషల హల్లులు కూడా అతని నోట పలుకుతున్నాయని తేలింది. ఎడ్లను అదిలించేటప్పుడు మనవాళ్ళు నాలుకతో చేసే టకటక శబ్దం లాంటివి దక్షిణాఫ్రికా భాషలలో అక్షరాలే.

మన దగ్గరా ఇది పూర్తిగా కొత్త కాదు. మృదంగం నేర్చేవారు తకిట, తకధిమి అని ముందు నోటితోనే పలుకుతారు. వరంగల్లులో 1932లో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు మనుషుల గొంతులే కాదు, సినిమాలలోని ధ్వనులను కూడా ఒక్క నోటితో వినిపించేవారు. 2001లో పద్మశ్రీ పొందారు, 2018లో కన్నుమూశారు. కోదాడలో పుట్టిన హాస్యనటుడు వేణుమాధవ్ కూడా మిమిక్రీతోనే మొదలుపెట్టారు.

ఇక ఆ ఇంటి సంగతి. పిల్లవాని తాత వయసులో ఉండగా డప్పు కొట్టేవాడు. జాతరకు, చావుకు పిలిచినప్పుడల్లా పోవాలి, అది వెట్టి. బాప్తిస్మం పొందిన ఏడు డప్పును అటకెక్కించి మళ్ళీ ముట్టలేదు. జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులు పడిన బాధలు మన పెద్దలు చెప్పగా విన్నవే. అందుకే ఆ ఇంట్లో డప్పు మాట ఎవరూ ఎత్తరు.

మూడోనాటి సాయంత్రం పిల్లవాడు నోటితో డప్పు దరువు ప్రయత్నిస్తున్నాడు. మంచం మీది తాత కొంతసేపు ఓర్చుకున్నాడు.

"గట్ల గాదు బిడ్డా. సిర్ర దెబ్బ బరువుండాలె, సిటికెన పుల్ల తేలికగ పడాలె. నడుమ ఊపిరి ఇడువు" అని తానే నోటితో పలికి చూపించాడు. చెల్లెలు పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి నిలబడింది. ఆయన నోట ఆ దరువు ఆమె పుట్టాక ఎన్నడూ వినలేదట.

ఆ రాత్రి ఒప్పందం కుదిరింది. చదువు అయ్యాక అరగంట, అదీ తాత దగ్గర కూర్చొని. యౌవనస్థుల కూడికలో చేయడానికి సంఘ కాపరి సరేనన్నారు. ఆదివారపు ఆరాధనలో వద్దని ఇద్దరు సంఘ పెద్దలు ఇంకా పట్టుబడుతున్నారు. నాకైతే వారి భయమూ అర్థమవుతుంది, తాత ముఖమూ కళ్ళలో మెదులుతుంది. మొన్న ఫోను చేస్తే చెల్లెలు, "ఇప్పుడు ఇద్దరి లొల్లి అయింది అక్కా" అంది.