మీకు తెలుసా? గడ్డలోని ఎంజైమే మందుకు గురి

రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో కనిపించే ‘హెర్‌-2’ ఒక ఎంజైమ్. ఒకప్పుడు చెడ్డ కబురుగా భావించిన ఆ గుర్తే ఇవాళ చికిత్సకు దారి చూపుతోంది. కణం పొర మీద ఉండే ఈ టైరోసిన్ కైనేజ్ రకం ఎంజైమ్ మోతాదు మించితే, విభజన చెందమనే సంకేతం కణంలోకి ఆగకుండా వెళ్తూనే ఉంటుంది.

1987లో అమెరికాలో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము గడ్డలను పరిశీలించింది. సుమారు 30 శాతం గడ్డల్లో హెర్‌-2 జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయి. ఆ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెట్టింది, బతికే కాలమూ తగ్గింది. ఇప్పటి లెక్కల్లో ఈ వాటా 15–20 శాతం. 1998లో అమెరికాలో హెర్‌-2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చాక ఇలాంటి రోగుల రాత మారింది. మన దేశంలో ఆ మందుకు దాదాపు సమానంగా బయోకాన్ తయారుచేసిన బయోసిమిలర్‌కు 2013లో అనుమతి దొరికింది.

హెర్‌-2 పరీక్ష (ఐహెచ్‌సీ) బయాప్సీ ముక్క మీదే చేస్తారు. స్కోరు 0 లేదా 1+ వస్తే నెగెటివ్. 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ఇంకా తేలలేదని. అప్పుడు జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్ష తప్పనిసరి, ఖర్చుకు వెనుకాడి అక్కడే ఆగిపోవద్దు. ఏ ఊళ్లో ఉన్నా, బయాప్సీ ముక్కను నిల్వచేసిన పారఫిన్ బ్లాక్‌నూ రిపోర్టునూ ల్యాబ్‌లో అడిగి తీసుకుని భద్రపరచుకోండి.