రెక్కల్లేని విండ్ టర్బైన్: మన టెర్రస్‌కి పనికొస్తుందా?

"రెక్కల్లేవు, గోల లేదు, పక్షులకు ప్రమాదం లేదు" అంటూ ఓ వీడియో ఈ మధ్య నా ఫోన్‌కి ఐదారుసార్లు వచ్చింది. ఒక ఫ్రెండ్ అయితే "మా టెర్రస్ మీద ఒకటి పెట్టించేయనా?" అని అడిగేశాడు. స్పెక్స్ చూడకుండా ఫోన్ కొనం కదా, దీన్నీ అలాగే చూద్దాం.

ఎలా పనిచేస్తుంది?

స్పెయిన్‌లో పుట్టిన వోర్టెక్స్ బ్లేడ్‌లెస్ డిజైన్‌లో పైకి కనిపించేది నిలువుగా నిలబెట్టిన ఓ స్తంభమే. గాలి దాన్ని దాటేటప్పుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడులు ఏర్పడతాయి. ఆ సుడుల లయ స్తంభం సహజంగా ఊగే లయతో కలిస్తే ఊపు పెరుగుతుంది. లోపలున్న అయస్కాంతాలు, కాయిల్స్ ఆ ఊపును కరెంటుగా మారుస్తాయి. గేర్‌బాక్స్ లేదు, రాసుకుని అరిగే భాగాలు తక్కువ, స్థలం కూడా తక్కువే చాలు. ఇవి నిజమైన ప్లస్ పాయింట్లే.

డౌట్ ఎక్కడ?

మామూలు టర్బైన్ రెక్కలు తిరుగుతూ పెద్ద వృత్తంలోని గాలిని పట్టుకుంటాయి. స్తంభం ఊగేది కొద్ది వెడల్పులోనే. అంటే దానికి అందే గాలే తక్కువ. అందిన దాన్లో కూడా, బెట్జ్ లిమిట్ ప్రకారం, ఏ టర్బైనూ 59.3 శాతానికి మించి శక్తిని లాగలేదు.

కవ్వంలా కనిపించే డారియస్ టర్బైన్‌ది ఇంకో కథ. గాలి ఎటు నుంచి వీచినా తిరుగుతుంది, కానీ తనంతట తాను స్టార్ట్ అవ్వడం కష్టం. కెనడాలోని క్యూబెక్‌లో అలాంటిదే 110 మీటర్ల ఎత్తున కట్టారు. బేరింగ్ పాడై 1993లో ఆగిపోయింది.

అసలు చూడాల్సిన స్పెక్

డబ్బా మీద "300 వాట్లు" అని ఉండి, కింద చిన్న అక్షరాల్లో "సెకనుకు 12 మీటర్ల గాలిలో" అని ఉందనుకోండి. అంటే గంటకు 43 కిలోమీటర్ల గాలి! పవర్ గాలివేగం ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం 3 మీటర్లకు, అంటే నాలుగో వంతుకు తగ్గితే, పవర్ 64వ వంతుకు పడిపోతుంది. చేతికొచ్చేది 5 వాట్ల లోపే. పాత ఫోన్ ఛార్జర్ అంత! పైగా చుట్టూ బిల్డింగులుంటే గాలి ముక్కలైపోతుంది.

నా మాట

కరెంటు లైన్ లేని చోట చిన్న సెన్సార్ నడపడానికైతే ఈ ఐడియా నాకు నచ్చింది. ఇంటి కరెంటు బిల్లు తగ్గించుకోవడానికైతే మాత్రం తొందరపడొద్దు. ఏ గాలివేగానికి ఎన్ని వాట్లో చూపించే పవర్ కర్వ్ అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

నా ఫ్రెండ్‌కి ఒకటే చెప్పా: "ముందు గాలివేగం కొలిచే మీటర్ ఒకటి కొని, నెల రోజులు టెర్రస్ మీద పెట్టి చూడు. టర్బైన్ సంగతి తర్వాత."