పల్లెకు అంతర్జాలం – చివరి మడికి నీరు



మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరాన్ని మీలో చూడనివారు అరుదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి మేధావి ఇంజనీరు ప్రతిభకు అది నిదర్శనం. అయితే జలాశయం నిండినంత మాత్రాన చివరి ఆయకట్టు రైతు మడి తడవదన్న సంగతి సేద్యపు కుటుంబాల నుండి వచ్చిన మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రధాన కాలువ, దాని నుండి ఉపకాలువ, దాని నుండి పిల్లకాలువ, చివరకు తూము – వీటిలో ఏ ఒక్కచోట గండి పడినా, ఎగువవారు హెచ్చుగా వాడుకున్నా, దిగువ మడి ఎండిపోక తప్పదు. నేటి అంతర్జాలం కథ కూడా సరిగ్గా ఇటువంటిదే. సముద్ర గర్భపు తీగల ద్వారా మహానగరాలకు చేరిన సమాచార ప్రవాహం కామారెడ్డి పట్టణానికి వస్తున్నది. అక్కడ నుండి లింగంపేట దాటి ఎల్లారెడ్డికి, ఎల్లారెడ్డి నుండి అడవి అంచున వున్న పల్లెకు, తండాకు చేరేసరికి అది సన్నని ధారగా మారుతున్నది. ఇది ఎందుకు జరుగుతున్నది, దీనికి మార్గాలేమిటి అని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

అవసరమా, విలాసమా?

అంతర్జాలమనగానే సినిమాలు, ఆటలు మాత్రమే గుర్తుకు వచ్చే పెద్దలు మనలో ఇంకా వున్నారు. వారి ఆందోళన పూర్తిగా నిరాధారమని నేను అనను. కాని 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతిలోనే జరుగుతున్నవి. ఉపకార వేతనాలకు, ఫీజు చెల్లింపులకు ‘ఈ–పాస్’లో దరఖాస్తు చేయవలసిందే. పరీక్షల హాల్ టికెట్టు, భూమి పట్టా వివరాలు, ఆదాయ ధ్రువపత్రం – అన్నింటికీ అదే ద్వారం. ద్వారం ఒక్కటే అయినప్పుడు దాని తాళంచెవి అందరికీ అందవలసి వున్నది.

కొంతకాలం క్రిందట ఎల్లారెడ్డి వైపు పల్లె నుండి వచ్చే ఒక విద్యార్థిని దరఖాస్తు గడువు ముగిసిన మరునాడు నా వద్దకు వచ్చి మౌనంగా నిలబడింది. ముందునాటి రాత్రి ఇంటి మిద్దెపై ఫోను పట్టుకొని రెండు గంటలు కూర్చున్నదట. ఫారం నింపుట పూర్తి అయినది. ధ్రువపత్రం జతచేయు సమయాన చక్రం తిరుగుతూనే వుండిపోయినది. రాత్రి వేళ నెట్ సెంటరుకు పంపటానికి ఇంట్లో ఒప్పుకోలేదు. “సార్, నేను ఆలస్యం చేయలేదు” అని మాత్రమే ఆమె అన్నది. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయినది. ఆమె తెలివిలో లోపం లేదు, శ్రద్ధలో లోపం లేదు. లోపమంతా పిల్లకాలువలో వున్నది.

కొంచెం చరిత్ర

1969 అక్టోబరు 29న అమెరికాలో రెండు విద్యా పరిశోధన సంస్థల కంప్యూటర్ల మధ్య తొలి సందేశం ప్రయాణించినది. మన దేశంలో సామాన్యులకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైనది. నాడు టెలిఫోను తీగపైనే అది నడిచేది. 2016 సెప్టెంబరు తరువాత చరవాణి డేటా ధర గణనీయంగా తగ్గి, పల్లెల్లో కూడా చేతిలో ఫోను సర్వసాధారణమైనది. అనగా మన ప్రాంతంలో అధిక సంఖ్యాకులు కంప్యూటరును చూడకముందే ఫోనులో అంతర్జాలాన్ని చూశారు. ఈ కారణం చేతనే “సిగ్నల్ వున్నది” అనుటకు, “నమ్మదగిన సేవ వున్నది” అనుటకు గల భేదాన్ని మనం తరచు మరచిపోతున్నాము.

నాలుగు మార్గాలు

పల్లెకు అంతర్జాలం చేరుటకు ప్రధానంగా నాలుగు మార్గాలు కలవు.

మొదటిది పాత రాగి టెలిఫోను తీగ. దూరం పెరిగిన కొద్దీ దీనిలో సంకేతం క్షీణిస్తుంది. ఎక్స్ఛేంజికి రెండు కిలోమీటర్లలోపు వున్నవారికి బాగుగానే వుంటుంది. అయిదు కిలోమీటర్లు దాటిన ఇంటికి దాదాపు నిరుపయోగం. చెదురుమదురుగా వున్న మన పల్లెలకు ఇది సరిపడదు.

రెండవది టవరు. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దూరం పోతాయి, గోడలను కొంతవరకు దాటుతాయి. ఎక్కువ పౌనఃపున్యం గలవి అధిక సమాచారాన్ని మోయగలవు గాని గుట్టలకు, దట్టమైన చెట్లకు తలవంచుతాయి. గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట ప్రాంతాల గుట్టలను, అడవిని చూసినవారికి ఇంక వివరణ అవసరం లేదు. మరొక ముఖ్య విషయం: టవరు సామర్థ్యం అందరూ పంచుకోవలసినది. పగలు పదిగంటలకు చక్కగా నడిచినది రాత్రి ఎనిమిదింటికి కుంటుపడటానికి కారణం ఇదే. ఆ టవరును పట్టణంతో కలిపేది ఆప్టికల్ ఫైబరా లేక సూక్ష్మతరంగాల లంకెయా అన్నది కూడా ప్రధానం. నీళ్లు రాని కాలువకు ఎంత పెద్ద తూము పెట్టినా ఏమి లాభం?

మూడవది ఆప్టికల్ ఫైబర్. వెంట్రుక వంటి గాజు పోగులో కాంతి ద్వారా సమాచారం ప్రవహిస్తుంది. పంజాబుకు చెందిన నరీందర్ సింగ్ కపానీ ఈ శాస్త్రానికి ఆద్యులలో ఒకరు. గాజును తగినంత శుద్ధి చేస్తే కాంతి దూర ప్రయాణం చేయగలదని 1966లో నిరూపించిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించినది. ఇళ్లకు ఇచ్చే ఫైబర్ కేంద్రం నుండి సుమారు ఇరవై కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. ఒక పోగును ముప్పది రెండు లేక అరవై నాలుగు ఇళ్లకు విభజించవచ్చును. వానకు, చెట్టుకు, గుట్టకు ఆ కాంతి లొంగదు. గడ్డపారకు, జె.సి.బి.కి మాత్రం లొంగుతుంది.

నాల్గవది ఉపగ్రహం. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుండే ఉపగ్రహం ద్వారా మన ప్రశ్న పోయి, జవాబు తిరిగి రావటానికి దాదాపు అర సెకను పడుతుంది. చదువుకొనుటకు అది అడ్డు కాదు గాని ఎదురెదురు సంభాషణకు అడ్డే. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తగ్గినది. స్టార్‌లింక్ సంస్థకు 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్సు లభించినది. ఎటువంటి తీగ చేరలేని తండాకు ఇది ఆశ కావచ్చును గాని, ఖర్చు సామాన్యునికి అందుబాటులో వున్నప్పుడే ఆ ఆశ ఫలిస్తుంది.

వేగం – ఒక చిన్న లెక్క

ప్రకటనలలో కనిపించే “ఎంబీపీఎస్” అనగా సెకనుకు మెగాబిట్లు; మనం దాచుకునే ఫైలు పరిమాణం మెగాబైట్లలో వుంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 40 ఎంబీపీఎస్ కనెక్షనులో సెకనుకు వచ్చేది అయిదు మెగాబైట్లే. సెకనుకు రెండు మెగాబిట్ల వేగాన ఒక గంట పాఠం చూస్తే దాదాపు 900 మెగాబైట్లు ఖర్చగును. అధికారిక ప్రమాణం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు వుండవలసిన కనీస వేగం 2004లో 256 కిలోబిట్లు, ఆ తరువాత 512 కిలోబిట్లు. 2023లో దానిని రెండు మెగాబిట్లకు పెంచారు. విద్యార్థికి వంద మెగాబిట్ల మెరుపు వేగం కంటె, ఆగకుండా వచ్చే అయిదు మెగాబిట్ల ధార మేలు. నా విద్యార్థిని దరఖాస్తును ఆపినది వేగలేమి కాదు, నిలకడలేమి.

ప్రభుత్వ ప్రయత్నాలు

దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చే పథకానికి 2011 అక్టోబరులో ఆమోదం లభించినది. అదే తరువాత భారత్‌నెట్ అయినది. ‘ఇల్లు అలకగానే పండుగ కాద’న్నట్లు, పంచాయతీ కార్యాలయం గోడ వరకు తీగ వచ్చినంత మాత్రాన ఇంటింటికీ సేవ రాదు. పైగా తొలి దశలో తీగను మండల కేంద్రం నుండి ఊరూరికి వరుసగా, త్రాడు వలె వేశారు. మధ్యలో ఒక్కచోట తెగితే ఆవలి ఊళ్లన్నీ మూగబోతాయి. ఈ లోపాన్ని గుర్తించి, 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన పథకంలో తీగను వలయాకారంగా వేయ నిర్ణయించారు. వలయంలో ఒకవైపు తెగినా రెండవవైపు నుండి ప్రవాహం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఫైబరు సేవను ఆరంభించారు. అక్కడ తవ్వకాలకు బదులు విద్యుత్ స్తంభాల పైనుండి తీగ లాగి ఖర్చు తగ్గించారు. మన తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కందకాలలోనే ఫైబరు వేయాలన్న ఆలోచనతో టి–ఫైబర్ పథకం రూపొందినది. 2024 డిసెంబరులో సంగారెడ్డి, నారాయణపేట, పెద్దపల్లి జిల్లాలలో ఒక్కొక్క గ్రామంలో ప్రయోగాత్మకంగా సేవలు ఆరంభమైనవి. త్రాగునీటితోపాటే సమాచారాన్ని కూడ నిత్యావసరంగా ఎంచిన ఆ ఆలోచన ప్రశంసనీయం. అది ప్రతి ఇంటి గడప చేరినప్పుడే పరిపూర్ణం.

2025 ఆగస్టు నేర్పిన పాఠం

2025 ఆగస్టు 27, 28 తేదీలలో మన జిల్లాపై కురిసిన కుంభవృష్టిని ఎవరు మరువగలరు? రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడినది. 44వ జాతీయ రహదారి దెబ్బతిన్నది. భిక్నూరు, తల్మడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకొనిపోయినది. పోచారం జలాశయానికి వచ్చిన వరదను చూసి దిగువ పల్లెలు భయకంపితమైనవి. ఇటువంటి వేళ మనిషికి ముందుగా కావలసినది తనవారి క్షేమ సమాచారం. ఫైబరు సాధారణంగా రహదారి వెంబడి, రైలు మార్గం వెంబడి, వంతెనల పైనుండి పోతుంది. దారి కొట్టుకొనిపోతే తీగకు కూడా అదే గతి పట్టవచ్చును. కరెంటు పోతే టవరు బ్యాటరీ కొద్ది గంటలే నిలుస్తుంది. కనుక రెండవ దారి లేని సేవను నమ్మదగిన సేవ అనరాదు. ఇది కేవలం చదువుకు సంబంధించిన విషయం కాదు, ప్రాణాలకు సంబంధించినది.

మనం చేయదగినది

ఇంటికి కనెక్షను తీసుకొనదలచినవారు ప్రకటన చూసి గాక, అదే వీధిలో వాడుతున్నవారిని అడిగి నిర్ణయించుకొనవలెను. ముఖ్యంగా రాత్రి ఎనిమిది నుండి పది వరకు ఎట్లుంటుందో విచారించండి. తెగిన తీగను ఎన్ని గంటలలో సరిచేస్తారో అడగండి. ఫైబరు పెట్టెకు విద్యుత్తు కావాలి గనుక చిన్న బ్యాటరీ సాధనం ఒకటి తోడుంచుకుంటే కరెంటు పోయినా కొన్ని గంటలు సేవ ఆగదు. 2024లో ట్రాయ్ జారీచేసిన నిబంధనల ప్రకారం చరవాణి సంస్థలు తమ సేవ ఎక్కడెక్కడ వున్నదో తెలిపే పటాన్ని ప్రకటించవలసి వున్నది. సిమ్ కొనేముందు మీ ఊరిని ఆ పటంలో వెదకండి. ఫిర్యాదు వుంటే మొదట సంస్థకు చెప్పి సంఖ్య వ్రాసుకొనండి; పరిష్కారం కాకుంటే అదే సంస్థ అప్పీలు అధికారికి నివేదించండి. నోటిమాటగా చేసిన ఫిర్యాదు గాలిలో కలుస్తుంది, సంఖ్య గల ఫిర్యాదు నిలుస్తుంది.

ఊరంతటికీ ఒక మార్గం కలదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం.–వాణి పథకం కింద కిరాణా కొట్టువాడైనా, టీ హోటలు యజమాని అయినా లైసెన్సు లేకుండానే వైఫై సేవను చిన్న మొత్తాలకు అమ్మవచ్చును. మీలో ఉత్సాహవంతులైన ఇద్దరు కలిస్తే ఒక ఊరికి ఆ సేవ అందించగలరు. స్వయం ఉపాధి కూడా అగును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక సవినయ మనవి. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ అను విద్యార్థిని కేసులో చెప్పిన తీర్పు గమనింపదగినది. హాస్టలులో ఫోను వాడకంపై విధించిన ఆంక్షను ఆమె ప్రశ్నించగా హాస్టలు నుండి తొలగించారు. అంతర్జాలం పొందే హక్కు విద్యా హక్కులోను, వ్యక్తిగత గోప్యతా హక్కులోను భాగమని న్యాయస్థానం పేర్కొని, ఆమెను తిరిగి చేర్చుకొనమన్నది. ఆడపిల్లల చేతిలో ఫోను చూసి అనుమానించుటకన్న, వారికి భద్రమైన చోట నమ్మదగిన సేవ కల్పించుట ఉత్తమం. మన గ్రంథాలయంలో ఒక గదిని ఇందుకు కేటాయించి, ఫైబరు కనెక్షనును, అది ఆగినప్పుడు వాడుటకు వేరొక సంస్థ సిమ్‌తో నడిచే పరికరాన్ని, ఒక బ్యాటరీని ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. దరఖాస్తుల గడువు వారాలలో ఆ గది సాయంత్రం బస్సు వేళ వరకు తెరచి వుంచవలెను. ఉర్దూ, తెలుగు నిఘంటువులను, పాఠ్యగ్రంథాలను ముందే కంప్యూటరులో దింపి వుంచితే సేవ లేని రోజున కూడా చదువు ఆగదు. దీనికయ్యే వ్యయం ఒక వార్షికోత్సవ వ్యయాన్ని మించదని నా నమ్మకం.

నిజాంసాగరం కట్టినవారు జలాశయంతో ఆగక కాలువలు కూడా త్రవ్వించారు. సమాచార సాగరం మన కాలానికి నిండి వున్నది. పిల్లకాలువ తవ్వుట మన వంతు. మరుసటి సంవత్సరం గడువు ముగిసే రాత్రి మన విద్యార్థిని ఎవరూ మిద్దెపై ఫోను ఎత్తి పట్టుకొని కూర్చోనవసరం లేకుండుగాక!